మామ కొనబోయిన 'రెండు వందల ఏళ్ల' రాతి కుండీ: అసలు కథ ఎక్కడ మొదలైంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫొటోతో మొదలవుతుంది. మాది ధరూర్. జూరాల డ్యాం ఉన్న మండలం అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. మా మామ అక్కడ కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. ఒక రాత్రి పదకొండింటికి ఫొటో పంపి, 'రేయ్, నువ్వు చరిత్ర చెప్తావు కదా, ఇది చూడు' అన్నాడు. తెల్లటి రాతి కుండీలు, ఒక జత. నడుము సన్నగా, మూతి వెడల్పుగా, రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు, ఒంటి చుట్టూ ద్రాక్ష తీగలు. హైదరాబాద్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన 'ఇవి కోఠి రెసిడెన్సీ కాలం నాటివి, రెండు వందల ఏళ్లవి, జత లక్షా ఎనభై వేలు' అన్నాడట. ఇరవై వేలు అడ్వాన్స్ అప్పటికే వెళ్లిపోయింది.

నిజం చెప్పాలంటే ఫొటో చూడగానే నాకూ ఆశ పుట్టింది. ఎందుకంటే ఆ ఆకారానికి నిజంగానే పెద్ద చరిత్ర ఉంది.

గ్రీకువాళ్ల విందుల్లో ద్రాక్షసారా, నీళ్లు కలపడానికి ఒక పెద్ద పాత్ర ఉండేది. దాన్ని క్రేటర్ అంటారు. తర్వాత రోమన్ ధనవంతులు అదే ఆకారాన్ని పాలరాతిలో చెక్కించి తోటల్లో పెట్టుకున్నారు. అంటే వంటింటి వస్తువు కాస్తా అలంకారం అయింది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న బోర్గీస్ కుండీ అలాంటిదే. ఏథెన్స్‌లో చెక్కింది, ఎత్తు 1.72 మీటర్లు, అంటే మనిషంత. 1807లో నెపోలియన్ దాన్ని తన బావ కామిల్లో బోర్గీస్ దగ్గర కొన్నాడు.

మరి ఇది మళ్లీ ఫ్యాషన్ ఎలా అయింది? ఇటలీలో అగ్నిపర్వతం బూడిద కింద కప్పబడిపోయిన ఊళ్లను తవ్వడం మొదలుపెట్టారు. 1738లో హెర్క్యులేనియం, 1748లో పాంపేయి. ఇక యూరప్ మొత్తానికి పాత రోమ్ పిచ్చి పట్టింది. ఆ పిచ్చిలోంచి పుట్టిన శైలినే నియోక్లాసికల్ అంటారు. ఇంగ్లండ్‌లో జోసయా వెడ్జ్‌వుడ్ 1769లో 'ఎట్రూరియా' అని పేరు పెట్టి ఫ్యాక్టరీయే తెరిచాడు, పాత కుండీల్లాంటివి కొత్తగా చేసి అమ్మడానికి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. 1771లో రోమ్ దగ్గర టివోలీలో, హేడ్రియన్ చక్రవర్తి విల్లా ఉన్న చోట, ఒక పెద్ద పాలరాతి కుండీ ముక్కలు దొరికాయి. నేపుల్స్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న విలియం హామిల్టన్ వాటిని కొని అతికించాడు. లేనిచోటల్లా కొత్త రాయి చెక్కించి నింపాడు. అదే వారిక్ వేజ్. ఇప్పుడు గ్లాస్గోలో ఉంది. ప్రపంచమంతా కాపీ కొట్టిన ఈ 'పురాతన' కుండీలో చాలా భాగం పద్దెనిమిదో శతాబ్దం పనే! అంటే అసలు, నకిలీ మధ్య గీత అప్పుడే మసకబారింది. కాకపోతే కొత్త రాయి కలిపామన్న సంగతి హామిల్టన్ కాలంలోనే అందరికీ తెలుసు. మా మామకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఈ గాలి మన హైదరాబాద్ దాకా వచ్చింది. 1803లో రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ కోఠిలో భవనం మొదలుపెట్టాడు. డిజైన్ మద్రాస్ ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్‌ది, డబ్బు నిజాంది. ముందు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణం, మెట్ల పక్కన సింహాలు. మూసీ ఒడ్డున నిలబెట్టిన రోమ్ అన్నమాట. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. తర్వాత 1884లో మొదలైన ఫలక్‌నుమాకి ఇటాలియన్ పాలరాయి వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా ముందు సెల్ఫీ దిగారా? బెంజోనీ చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. కాబట్టి వ్యాపారి అల్లిన కథ వినడానికి నమ్మేలాగే ఉంది. అబద్ధాన్ని నిజం పక్కన కూర్చోబెడితే అంతే కదా.

ఆదివారం నేను ఊరికి పోయి చూశాను. ముందు చెయ్యి పెట్టాను. పాలరాయి ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, ఇది లేదు. వేలితో కొడితే ప్లాస్టిక్ డబ్బా మోత. పక్కనుంచి ఫోన్ టార్చ్ వేస్తే పైనుంచి కిందిదాకా సన్నటి గీత కనబడింది. అచ్చు రెండు భాగాలు కలిసిన చోటది. అన్నిటికంటే పెద్ద క్లూ ఏంటంటే, రెండు కుండీలకీ ఒకే ఆకు దగ్గర, ఒకే సైజులో పెచ్చు ఊడి ఉంది. ఉలితో చెక్కిన జతలో రెండూ అలా అచ్చుగుద్దినట్టు ఉండవు. ఇది పాలరాతి పొడిని రెజిన్‌లో కలిపి పోసిన పోత.

వ్యాపారికి ఫోన్ చేసి లైసెన్స్ అడిగాను. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాల వ్యాపారం చెయ్యాలంటే లైసెన్స్ ఉండాలి. ఆయన నవ్వి మాట మార్చాడు. 'అది వదిలేయ్ తమ్ముడూ, మీ వైపు పాత గుళ్ల రాళ్లు, స్తంభాలు ఏమన్నా పొలాల్లో పడున్నాయా? మంచి రేటిస్తా' అన్నాడు.

నాకు కడుపులో తిప్పింది అప్పుడే. మనకి రెజిన్ అమ్మి, మన రాయి పట్టుకుపోయే బేరమిది. నడిగడ్డలో గుప్త నిధుల పేరుతో గుళ్లు తవ్వినవాళ్ల కథలు మా అవ్వ చెప్పగా విన్నాను. భూమిలో పది రూపాయలకు మించిన విలువున్న పాతది ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఊళ్లో ఎంతమందికి తెలుసు?

వచ్చేటప్పుడు మామని ఆలంపురం తీసుకెళ్లాను. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. స్తంభాల మీద పూర్ణఘటం చూపించాను. నిండు కుండ, దాని మూతిలోంచి పొంగి రెండు పక్కలా జారుతున్న ఆకులు. రోమన్ కుండీ విందులోంచి వస్తే, మన కుండ నీళ్లలోంచి వచ్చింది. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్నవాళ్లకి నిండు కుండ అంటే ఏంటో వేరే చెప్పాలా? మామ ఆ రాయి మీద అరచెయ్యి పెట్టి, 'చల్లగుందిరా' అన్నాడు.

అడ్వాన్స్ తిరిగి రాలేదు. కుండీలు మాత్రం వెనక్కి పోయాయి. గేటు స్తంభాల మీద ఇప్పుడు అత్త రెండు మట్టికుండీల్లో బంతి మొక్కలు పెట్టింది. మీ ఊళ్లో పొలంగట్టు మీదో, గుడి వెనకో చెక్కడం ఉన్న రాయి కనబడితే కదపకుండా ఫొటో తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కూడవెల్లి సంగమేశ్వరాలయం గురించి మాట్లాడుకుందాం. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా ఆ గుడిని విప్పి, ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు.