షడంగాలు: వేములవాడ బడి డ్రాయింగ్ పీరియడ్‌కు ఒక వ్యాఖ్యానం

అవతారిక

వాత్స్యాయనుడి కామసూత్రాలకు యశోధరుడు జయమంగళ అనే వ్యాఖ్య రాశాడు. 64 కళలను వివరిస్తూ చిత్రలేఖనం దగ్గరికి వచ్చేసరికి దానికి ఆరు అంగాలున్నాయన్నాడు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. ఇరవయ్యో శతాబ్దంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ వీటి మీద ప్రత్యేకంగా రాశారు. సాధారణంగా ఈ ఆరింటినీ పెద్ద చిత్రకారుల కోసం చెప్పినవిగానే చదువుతాం. వేములవాడ, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల బడుల్లో 50 మంది పిల్లలతో 40 నిమిషాల పీరియడ్ నడిపే డ్రాయింగ్ సార్ల కోసం, టీచరమ్మల కోసం వీటిని చదివి చూడటమే ఈ వ్యాఖ్య ఉద్దేశం.

తరగతిని అదుపులో పెట్టడమంటే చాలామందికి గుర్తొచ్చేది బెత్తం, లేదా "చేతులు కట్టుకోండి" అనే కేక. చేతులు కట్టుకుంటే బొమ్మ గీయడం ఎలా కుదురుతుంది? డ్రాయింగ్ తరగతిలో అదుపు పనిలోంచే రావాలి. ఏం చూడాలి, దేని మీద గీయాలి, ఎంతసేపు గీయాలి, గీశాక ఏం మాట్లాడుకోవాలి అన్నవి తేటగా ఉంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే కుదురుకుంటారు. ఈ ప్రశ్నలకు జవాబులు ఆరు అంగాల్లోనే ఉన్నాయి.

1. రూపభేదం

ఒక రూపానికీ మరో రూపానికీ ఉన్న తేడాను కన్ను పట్టుకోవడం రూపభేదం.

"మీకిష్టమైన బొమ్మ గీయండి" అంటే ఎక్కువగా వచ్చేది ఒకటే సీనరీ: రెండు త్రికోణాల కొండలు, నడుమ సూర్యుడు, ఒక ఇల్లు, కొబ్బరి చెట్టు, వంకర నది. ఈ ప్రాంతంలో పిల్లలు రోజూ చూసేవి బండరాళ్ల గుట్టలు, తాటి చెట్లు, ఈత చెట్లు, మూలవాగు, చెరువు మత్తడి. వాటిలో ఒక్కటీ కాగితం మీదికి రాలేదంటే పిల్లలు ఊరిని చూసి గీయలేదని, ఒకరి కాగితం చూసి ఒకరు గీశారని అర్థం. అలాంటి బొమ్మ పది నిమిషాల్లో అయిపోతుంది, మిగతా అరగంటా గోలే. చూడటానికి ఏమీ ఇవ్వకపోవడం వల్ల పుట్టిన గోల అది.

అందుకే మొదటి పాఠంగా కోడెను తీసుకుందాం. రాజన్న గుడిలో కోడె మొక్కు చూడని పిల్లలు వేములవాడలో ఉండరు. ముందు మనసులో ఉన్నదాన్నే గీయమనండి. చాలా కాగితాల మీద బల్లకు కొమ్ములు మొలిచినట్టుండే జంతువు వస్తుంది. ఎవరినీ తప్పు పట్టకుండా ప్రశ్నలు అడగండి. మూపురం ముందు కాళ్లకు సరిగ్గా పైన ఉంటుందా, నడుం మీదా? గంగడోలు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వేలాడుతుంది? చెవి కొమ్ముకు ముందుంటుందా, కిందా? వెనక కాలు ఎటు వంగుతుంది? బర్రె కొమ్ముకూ కోడె కొమ్ముకూ తేడా ఏంటి? తరగతిలో సగం మంది ఒక జవాబు, మిగతా సగం మంది ఇంకో జవాబు చెబుతారు. తేల్చుకోవడానికి సాయంత్రం గుడి దగ్గరో పశువుల కొట్టం దగ్గరో నిలబడి చూసి రావాలి. తర్వాతి పీరియడ్‌లో మళ్లీ అదే కోడె. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుంటే తానెంత నేర్చుకుందో ఆ బిడ్డకు సార్ చెప్పకుండానే కనిపిస్తుంది.

2. ప్రమాణం

ప్రమాణం అంటే కొలత. శరీరంలో ఒక భాగానికీ మరో భాగానికీ ఉండాల్సిన నిష్పత్తి.

మన శిల్పులు ముఖం పొడవును ఒక తాలంగా తీసుకుని మిగతా శరీరాన్ని దానితో లెక్కగట్టారు. దేవతామూర్తులకు నవతాలం, దశతాలం వంటి కొలతలు పెట్టుకున్నారు. బడిలో ఇదే పద్ధతిని తలతో చేయించవచ్చు. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, అయిదారేళ్ల పిల్లలది ఆరు తలలకు అటూ ఇటూ. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ కొలవడం ఆరో తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో వచ్చేస్తుంది. వీలుంటే గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్టకు తీసుకెళ్లండి. వేములవాడ చాళుక్యుల కాలంలో, పదో శతాబ్దంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలు అక్కడున్నాయి. తెలుగు కంద పద్యాలున్న ప్రాచీన శాసనం కూడా అక్కడే ఉంది. ఆ శిల్పాల ముందు నిలబడి పెన్సిల్‌తో కొలిచిన బిడ్డకు ప్రమాణమంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు. జగిత్యాల పిల్లలకైతే నక్షత్రాకారంలో కట్టిన కోట ఊళ్లోనే ఉంది. బడి ఆవరణలో దారం, సుద్దముక్కతో దాని రూపురేఖ గీయించవచ్చు.

సార్‌కు కూడా ప్రమాణం కావాలి. మొదటిది కాలం: సామాను పంచడానికి 5 నిమిషాలు, చూడటానికి 5, గీయడానికి 20, మాట్లాడుకోవడానికి 5, సర్దడానికి 5. గంట కొట్టాక సర్దడం మొదలుపెడితే తర్వాతి సార్‌తో మాట పడాల్సి వస్తుంది. రెండోది కాగితం: 22 అంగుళాలకు 28 అంగుళాల చార్టును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 11కు 7 అంగుళాలు వస్తుంది. ఏడు చార్టులతో 56 ముక్కలు, 50 మందికి సరిపోగా ఆరు మిగులుతాయి. కోరుట్లలో ఒకప్పుడు చేతికాగితం తయారయ్యేది, పట్వారీలు లెక్కల పుస్తకాలకు దాన్నే వాడేవారు. ఆ మాట చెప్పి కాగితం చేతికిస్తే పిల్లలు దాన్ని ఉండచుట్టి పారేయడానికి వెనకాడతారు.

3. భావం

లోపలి స్థితి బయటి రూపంలో తెలియడం భావం.

భావమంటే ముఖంలో నవ్వు, ఏడుపు గీయడమేనని పిల్లలు అనుకుంటారు. కానీ భావం ఎక్కువగా ఒంటి వంపులో ఉంటుంది. ఈ ప్రాంతంలో ఎందరో పిల్లల తల్లులు బీడీలు చేస్తారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మెడ వంచి, భుజాలు ముందుకు తెచ్చి గంటలకొద్దీ కూర్చుంటారు. ఒక పిల్లనో పిల్లవాణ్నో ముందుకు పిలిచి అమ్మ కూర్చున్నట్టు రెండు నిమిషాలు కూర్చోమనండి. మిగతావాళ్లు కన్ను, ముక్కు, నోరు వదిలేసి వీపు గీత, మెడ గీత, చేతుల గీత మాత్రమే గీయాలి. ముఖం లేకపోయినా అలసట కాగితం మీద కనిపిస్తుంది. పల్లె ఆడవాళ్ల పనిపాటలనూ పండుగలనూ జీవితాంతం చిత్రించిన సిద్దిపేట కాపు రాజయ్య బొమ్మలు నాలుగైదు చూపిస్తే, తమ ఇల్లు కూడా బొమ్మకు తగిన విషయమేనని పిల్లలకు ధైర్యం వస్తుంది.

తరగతిలో అందరికంటే ఎక్కువగా కదిలే పిల్లవాడికే ముందు ఈ కూర్చునే పని ఇవ్వండి. 49 మంది తనను చూసి గీస్తున్నారంటే రెండు నిమిషాలు బిగబట్టుకుని కూర్చుంటాడు. ఒక నియమం మాత్రం మొదటి రోజే పెట్టాలి: ఎవరి అమ్మ బొమ్మ చూసీ ఎవరూ నవ్వకూడదు.

4. లావణ్యయోజనం

విడివిడి భాగాలను అందం కుదిరేలా అమర్చడం లావణ్యయోజనం.

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన పేరు సిరిసిల్లది. ఆ అగ్గిపెట్టెనే పాఠం చేయండి. లోపలి డబ్బీ తీసేసి, పై తొడుగులోంచి ఒక కన్నుతో కిటికీ బయటికి చూడమనండి. చెట్టు మధ్యలో ఉంటే బాగుందా, పక్కకు జరిగితేనా? సగం గోడా సగం ఆకాశమా, ఎక్కువ ఆకాశమా? తొడుగులో కనిపించినదాన్నే కాగితమంతా నిండేలా గీయాలి. కాగితం మూలన బొటనవేలంత బొమ్మ గీసి "అయిపోయింది సార్" అనే పిల్లలకు దీనికి మించిన మందు లేదు.

తరగతి అమరిక కూడా లావణ్యయోజనమే. బెంచీలను అటూ ఇటూ తిప్పి ఆరుగురిని ఒక జట్టు చేయండి. జట్టుకు ఒకరు సామాను తెచ్చేవారు, ఒకరు నీళ్లు చూసేవారు, ఒకరు సర్దించేవారు. వారం వారం పని మారాలి. నీళ్ల గిన్నెలు కొనక్కర్లేదు. గుడి ఊళ్లో కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. చిప్ప ఒరిగిపోకుండా సిరిసిల్ల సాంచల (మరమగ్గాల) దగ్గర మిగిలిన పేలికలు చుట్టి కుదురు చేసి కింద పెడితే రంగునీళ్లు పక్కవాళ్ల నోటు పుస్తకం మీదికి పోవు. డ్రాయింగ్ తరగతిలో కొట్లాటలు ఎక్కువగా ఒలికిన నీళ్లతోనే మొదలవుతాయి కాబట్టి ఈ కుదురును చిన్నదనుకోవద్దు.

5. సాదృశ్యం

చూసినదానికీ గీసినదానికీ ఉండే పోలిక సాదృశ్యం.

తొమ్మిదేళ్లు దాటిన పిల్లలు ఉన్నది ఉన్నట్టు గీయాలని తాపత్రయపడతారని కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు. సరిగ్గా ఆ వయసులోనే "నాకు గియ్యరాదు సార్" అనే మాట మొదలవుతుంది. అప్పుడు సార్ జాలిపడి పిల్లవాడి కాగితం మీదే పెన్సిల్ పెట్టి దిద్దితే, ఆ బొమ్మ ఇక ఆ పిల్లవాడిది కాదు. దిద్ది చూపాలనుకుంటే పక్కన చిన్న చీటీ మీద గీసి చూపండి.

శంక: డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు వెళ్లే పిల్లలకు చూసి వేయడం నేర్పాలి గదా, కాపీ వద్దంటే ఎలా?

సమాధానం: చూసి వేయడం తప్పకుండా నేర్పాలి. చూసేది ఏమిటన్నదే ముఖ్యం. సెల్‌ఫోన్‌లోని బొమ్మను చూసి వేస్తే ఇంకెవరో అప్పటికే తేల్చిన గీతలు వస్తాయి. బల్ల మీద పెట్టిన ఇత్తడి చెంబును చూసి వేస్తే ఏ గీత ఉంచాలో, ఏది వదలాలో పిల్లవాడే తేల్చుకోవాలి. పరీక్షలో అక్కరకొచ్చేది ఆ రెండో సాధనే.

గ్రేడు కూడా ఇక్కడే తేలుతుంది. కళా సాంస్కృతిక విద్యకు మనం గ్రేడు ఇవ్వాలి. బొమ్మ ఎంత అచ్చుగుద్దినట్టుందన్నదే కొలమానమైతే నలుగురైదుగురికే ఎప్పుడూ మంచి గ్రేడు వస్తుంది. బదులుగా మూడు ప్రశ్నలు పెట్టుకోండి. బిడ్డ శ్రద్ధగా చూసిందా? మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ మార్పుందా? తన బొమ్మ గురించి రెండు మాటలు చెప్పగలిగిందా? పిల్లల రెండు బొమ్మలూ దగ్గర పెట్టుకుంటే తల్లిదండ్రులు అడిగినప్పుడు గ్రేడు ఎందుకిచ్చామో చూపించవచ్చు.

6. వర్ణికాభంగం

రంగులనూ కుంచెనూ నడిపే నేర్పు వర్ణికాభంగం.

పెట్టె రంగులు కొనలేని పిల్లలున్న తరగతిలో వంటింటి పసుపుతో మొదలుపెట్టండి. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పంటకు కరువు లేదు. పసుపు నీళ్లను కాగితం మీద పూసి ఆరనివ్వాలి. ఆరాక ఈనె పుల్లను సబ్బునీళ్లలో ముంచి దాని మీద గీత గీస్తే గీత ఎర్రగా తేలుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. ఈ పాఠంలో పిల్లలను నిశ్శబ్దంగా ఉండమని చెప్పే అవసరం రాదు, సైన్స్ టీచర్ కూడా వచ్చి చూస్తారు. సున్నంతోనూ ఎరుపు వస్తుంది గానీ కళ్లలో పడితే ప్రమాదం, చిన్న తరగతుల్లో సబ్బే మేలు. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి ఆ బొమ్మలను నీడన ఉంచాలి. హోలీ ముందు మోదుగు పూలు ఉడికిస్తే నారింజ రంగు, బతుకమ్మ రోజుల్లో గునుగు పూలకు అద్దగా మిగిలిన రంగులు. ఏడాది పొడుగునా రంగుకు లోటుండదు.

రంగులు ఎక్కువైతే బొమ్మ బాగుంటుందన్న భ్రమ పోగొట్టాలి. పూర్వ కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం కొద్దిపాటి ముదురు రంగులతోనే తెలంగాణ ఆడవాళ్ల బొట్టునూ చీరనూ లోకానికి చూపించారు. పిల్లలకు ఒక పీరియడ్‌కు రెండు రంగులు, తెలుపు చాలు. రెండింటినీ కలిపి ఎన్ని ఛాయలు తీస్తారో చూడండి. కుంచె కడిగి, తుడిచి, మొన పైకి పెట్టి సర్దడం కూడా ఈ అంగంలో భాగమే. కుంచెను చూసుకోలేని చేతికి రంగు లొంగదు.

తాత్పర్యం

రూపభేదం పిల్లలకు చూడటానికి ఏదో ఒకటి ఇస్తుంది. ప్రమాణం కాలాన్నీ కాగితాన్నీ పంచుతుంది. భావం ఒకరి మీద ఒకరికి మన్నన నేర్పుతుంది. లావణ్యయోజనం పనులు పంచుతుంది. సాదృశ్యం న్యాయంగా విలువ కడుతుంది. వర్ణికాభంగం చేతికి శ్రద్ధ నేర్పుతుంది. ఈ ఆరూ ఉన్న తరగతిలో బెత్తానికి పని ఉండదు.

ప్రధానోపాధ్యాయులకు ఒక్క విన్నపం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను బడి చదువులో అన్ని దశల్లోనూ ఉంచాలంది. సిలబస్ మిగిలిందని డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయకండి. వారంలో రెండు పీరియడ్లుంటే రెండింటినీ ఒకే రోజు జోడించి 80 నిమిషాలు చేయండి. పంచడం, సర్దడం ఒక్కసారే ఉంటుంది, పిల్లలకు గీసే సమయం 40 నిమిషాల నుంచి 50 నిమిషాలకు పెరుగుతుంది. పైసా ఖర్చు లేని ఈ మార్పుకు టైంటేబుల్లో ఒక గడి జరిపితే చాలు.