ఇంజిన్ ఆగితే సముద్రమే రన్‌వే

1909 జులై 19. ఫ్రాన్స్ తీరంలోని సంగాత్ నుంచి హ్యూబర్ట్ లేథమ్ అనే యువకుడు ఆంటొనెట్ విమానంలో ఇంగ్లండు వైపు బయల్దేరాడు. ఇంగ్లిష్ చానల్‌ను విమానంలో మొదట దాటినవారికి వెయ్యి పౌండ్లిస్తామని డైలీ మెయిల్ పత్రిక ప్రకటించింది మరి. కొన్ని మైళ్లు పోయాక ఇంజిన్ మొరాయించింది. లేథమ్ మెల్లగా జారుకుంటూ వచ్చి నీళ్ల మీద వాలాడు. విమానం మునగలేదు. కాపుగా పంపిన ఫ్రెంచి యుద్ధనౌక హార్పాన్ దగ్గరకొచ్చేసరికి ఆయన తాపీగా సిగరెట్ కాలుస్తూ కూర్చున్నాడు. సముద్రం వదిలిపెట్టిన విమానాన్ని బయటికి లాగినవాళ్లు విరగ్గొట్టారు.

ఆరు రోజులకు బ్లేరియో అనే మరో పైలట్ చానల్ దాటేశాడు. 27న లేథమ్ మళ్లీ ప్రయత్నించి, డోవర్ తీరం కనిపిస్తుండగా మళ్లీ నీళ్లలో పడ్డాడు. ఈసారి ముఖానికి దెబ్బలు తగిలాయి. పందెం పోయింది గానీ, ఇంజిన్ ఆగిన విమానాన్ని సముద్రం మీద దించి బతికి బయటపడిన కథలు ఆయనతోనే మొదలవుతాయి. ఆ కథల్లో అందరూ పైలట్ నేర్పునే పొగుడుతారు. నాకైతే వెనకాల వచ్చిన హార్పాన్ కూడా అంత ముఖ్యంగానే కనిపిస్తుంది.

పదేళ్ల తర్వాత హ్యారీ హాకర్ అనే పైలట్‌కు అలా వెంట వచ్చే ఓడ లేదు. 1919 మే 18న నావిగేటర్ మెకంజీ గ్రీవ్‌తో కలిసి న్యూఫౌండ్‌లాండ్ నుంచి అట్లాంటిక్ దాటడానికి ఎగిరాడు. బరువూ గాలి ఒరిపిడీ తగ్గుతాయని చక్రాలను ఎగిరిన వెంటనే వదిలించుకున్నాడు. నడిసముద్రంలో ఇంజిన్ విపరీతంగా వేడెక్కసాగింది. అది పూర్తిగా చచ్చేదాకా హాకర్ ఆగలేదు. ఓడల దారి వైపు తిరిగి వెతుక్కుంటూ పోయి, మేరీ అనే డెన్మార్క్ సరుకు ఓడను పట్టుకుని దాని ముందు నీళ్లలో దిగాడు. ఆ ఓడలో వైర్‌లెస్ లేదు. వారం దాకా కబురు లేకపోవడంతో అయిదో జార్జి రాజు హాకర్ భార్యకు సంతాపం కూడా పంపేశాడు.

హాకర్ వదిలేసిన ఆ చక్రాలే నేటి చిన్న విమానాలకు చిక్కు తెచ్చిపెడతాయి. సెస్నా 172 వంటి వాటికి చక్రాలు ముడుచుకోవు. నీళ్లకు ముందుగా తగిలేవి అవే. తగలగానే ముక్కు కిందికి గుంజుకుపోయి విమానం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ఇంజిన్ ఆగితే ఈ విమానం వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే గ్లైడ్ వేగం పట్టాలి, ఇంధనం వాల్వు చూడాలి, రేడియోలో మేడే అని ఆపద కబురు చెప్పాలి. దిగేటప్పుడు పెద్ద అలకు ఎదురుగా కాకుండా దాని బారుకు సమాంతరంగా, వీలైనంత తక్కువ వేగంతో దిగాలి. తలుపులు గాలిలో ఉండగానే తెరిచి, మళ్లీ మూసుకోకుండా సందులో చొక్కానో చెప్పో దూర్చాలి. తాకిడికి చట్రం వంగితే అవి బిగుసుకుపోతాయి. లైఫ్ జాకెట్‌లో గాలి బయటికి వచ్చాకే నింపుకోవాలి. లోపలే నింపుకుంటే, నీళ్లు నిండిన కాబిన్‌లో అది మనిషిని పైకప్పుకు అదిమేస్తుంది, తలుపు దాకా పోనివ్వదు.

2015 జనవరిలో కాలిఫోర్నియా నుంచి హవాయి వెళుతున్న ఒక సిరస్ ఎస్‌ఆర్22 విమానంలో అదనపు ట్యాంకు నుంచి ఇంధనం రావడం మానేసింది. ఈ రకం విమానానికి మొత్తాన్నీ మోసుకుని దింపే పారాషూట్ ఉంటుంది. అమెరికా కోస్ట్‌గార్డ్ విమానం వచ్చి తోడుగా తిరిగింది. పైలట్ వెంటనే పారాషూట్ లాగలేదు. వీండమ్ అనే విహార నౌక ఉన్న చోటికి చేరుకుని, అప్పుడు లాగాడు. గంట లోపే అతను ఆ నౌక ఎక్కాడు. విమానం మాత్రం సముద్రం పాలైంది.