పడగ్గది తలుపూ, ఒక కెమెరా

పోయినేడాది వేసవిలో రెండున్నర వేలు పెట్టి చిన్న కెమెరా ఒకటి కొన్నాను. కొండాపూర్‌లో ముగ్గురం కలిసి అద్దెకుంటున్న ఫ్లాట్ మాది. మూడు బెడ్రూములు, ఒక హాలు, వంటగది. ఎవరి గది వాళ్ళది. అయితే గది తలుపులకి లోపల గడియే తప్ప, బయట తాళం వేసుకునే ఏర్పాటు లేదు. మనం లోపలుంటే గది మనది, ఆఫీసుకెళ్తే అందరిదీ. సాయంత్రం వచ్చేసరికి కుర్చీ జరిగి ఉండేది, ఫ్యాను తిరుగుతూ ఉండేది. ఏదీ పోలేదు, కానీ ఎవరో వచ్చి వెళ్తున్నారు. రూమ్మేట్లని అడిగితే, "నేను కాదు మామా" అని ఇద్దరూ ఒకే మాట. దాంతో కెమెరాని పుస్తకాల అరలో తలుపుకి ఎదురుగా పెట్టాను. యాప్ పేరు అడిగితే ఇంకేం తోచక 'నా బెడ్రూం' అని కొట్టాను.

ఆ రాత్రి ఒక ప్రశ్న పట్టుకుంది. గదిని కాపాడమని ఆ గదిలోపలే ఒక కన్ను పెట్టుకోవడం ఎప్పట్నించి మొదలైంది? చదువుతూ పోతే చాలా వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

కెమెరాని తీగతో తెరకి కలిపి దూరంనించి చూడటం 1942లోనే ఉంది. జర్మనీలో వీ-2 రాకెట్లు లేచేటప్పుడు దగ్గరికెళ్ళి చూడటం ప్రమాదం కనక, దూరంగా కూచుని చూసేందుకు పెట్టుకున్నారు. అది మన కథ కాదు. మన కథ న్యూయార్క్‌లో, క్వీన్స్ ప్రాంతంలోని జమైకా అనే పేటలో మొదలవుతుంది. మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరివీ వేళాపాళా లేని డ్యూటీలు. చాలా రాత్రులు ఇంట్లో ఆవిడ ఒక్కతే. పేటలో నేరాలు పెరుగుతున్నాయి, పోలీసుల్ని పిలిస్తే ఎప్పుడొస్తారో తెలీదు. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడతారు. లేచి వెళ్ళి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం.

మొగుడూ పెళ్ళాలు కలిసి ఒక యంత్రం గీశారు. 1966 ఆగస్టులో పేటెంటుకి దరఖాస్తు పెడితే, 1969 డిసెంబరు 2న వచ్చింది. నంబరు 34,82,037. ఇంటికోసం చేసిన కెమెరా కాపలాకి మొదటి పేటెంటుగా దీన్నే చెప్తారు. తలుపుకి ఒకదాని కింద ఒకటి నాలుగు కన్నాలు. తలుపు లోపలివైపు ఒక పెట్టె, అందులో మోటారు మీద పైకీ కిందకీ జరిగే టీవీ కెమెరా. పొడుగువాడొస్తే పై కన్నం, పిల్లాడొస్తే కింది కన్నం. ఆ బొమ్మ వైర్లెస్‌లో ఇంట్లో ఏ గదికైనా, పడగ్గదికైనా, వస్తుంది. అక్కణ్ణుంచే మైకులో మాట్లాడొచ్చు. తెలిసినవాళ్ళైతే మీట నొక్కి తలుపు తియ్యొచ్చు. కాదనుకుంటే ఇంకో మీట నొక్కితే అలారం. ఇవాళ మనం వేలు పోసి కొనే డోర్‌బెల్‌లో ఉన్న సంగతులన్నీ దాదాపుగా అందులో ఉన్నాయి. తర్వాతి పేటెంట్లు ఎన్నో దాన్ని ప్రస్తావించాయి. కానీ అప్పటి కెమెరా ఖరీదుకి అది ఇళ్ళల్లోకి రాలేదు. ఆవిడ 1999లో పోయారు.

నాకు ఇందులో ఆసక్తిగా తోచింది యంత్రం కాదు, దిక్కు. బ్రౌన్ గారి కెమెరా తలుపు దగ్గరుంది, బయటికి చూస్తుంది. తెర పడగ్గదిలో ఉండొచ్చు. చూసేది పడగ్గదిలోని మనిషి, కనిపించేది వీధిలోని మనిషి. నేను పెట్టింది సరిగ్గా తిరగేసి. కెమెరా పడగ్గదిలో, తెర నా జేబులో, మధ్యలో ఏ దేశంలో ఉందో తెలియని సర్వరు. వీధిలోకి కనిపించేది నా మంచం.

సర్వర్ల సంగతి నాకు కొంచెం తెలుసు, అదే నా ఉద్యోగం. అయినా 2023 మే చివర్లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రింగ్ కంపెనీ మీద వేసిన ఫిర్యాదు చదివినప్పుడు చెయ్యి వణికింది. 2017లో ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు కనీసం 81 మంది ఆడవాళ్ళ కెమెరాల్లోంచి వేలకొద్దీ వీడియోలు చూశాడని అందులో ఆరోపణ. ఏ కెమెరాలు చూడాలో ఎలా ఎంచుకున్నాడు? పేర్లు చూసి. 'మాస్టర్ బెడ్రూం' అనో 'మాస్టర్ బాత్రూం' అనో యజమానులే ముచ్చటగా పెట్టుకున్న పేర్లు వెతికి. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఫిర్యాదు మూసి, ముందు నా కెమెరా పేరు మార్చాను. 'సీ1' అని.

అసలు పడగ్గది ఒక మనిషి సొంతం అనే భావన మాత్రం ఎంత పాతది? లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 'గ్రేట్ బెడ్ ఆఫ్ వేర్' అని ఒక మంచం ఉంది. 1590లలో చేసింది, మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు. నాలుగు జంటలు పడుకోవచ్చని ప్రతీతి. షేక్‌స్పియర్ కూడా 'ట్వెల్ఫ్త్ నైట్'లో దాని పేరెత్తాడు. సత్రంలో దిగిన ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకే పక్క పంచుకోవడం వాళ్ళకి వింత కాదు. మన మండువా లోగిళ్ళూ అంతే కదా. నడవాలో ఎవరు నడిచినా అందరికీ తెలుస్తుంది, కొత్తజంటకి గది ఇచ్చారంటే ఊరంతటికీ తెలుస్తుంది.

వాస్తుశిల్ప చరిత్రకారుడు రాబిన్ ఎవాన్స్ 1978లో తలుపుల గురించీ నడవాల గురించీ ఒక వ్యాసం రాశాడు. ఇళ్ళ ప్లాన్లు చదవడం నవల చదివినంత బాగుంటుందని నాకు దాంతోనే తెలిసింది. ఇటలీలోని పాత భవంతుల్లో గదిలోంచి గదికి తలుపులుండేవి. ఒక చోటినించి ఇంకో చోటికి పోవాలంటే మధ్యలో ఎవరున్నా వాళ్ళని దాటుకుంటూ పోవడమే. గదికి ఒకే తలుపు, ఆ తలుపు బయట పొడుగాటి నడవా అనే పద్ధతి ఇంగ్లండులో తొలిసారి కనిపించే ప్లాన్ 1597 నాటిది, చెల్సీలోని బోఫోర్ట్ హౌస్‌కి జాన్ థోర్ప్ గీసింది. తర్వాతి శతాబ్దంలో రోజర్ ప్రాట్ అనే వాస్తుశిల్పి కోల్స్‌హిల్ హౌస్‌లో ఆ నడవాని ఇంటి మధ్యలోంచి ఈ చివర్నించి ఆ చివరకి పోనిచ్చాడు. ఎందుకో ఆయనే చెప్పాడు. మామూలు పనివాళ్ళు దొరల కంటపడకుండా తిరగడానికి.

నేనిక్కడ కాసేపు ఆగిపోయాను. పడగ్గది ఏకాంతం మనిషి ఆత్మలోంచి పుట్టిందని మనం నవలల్లో చదువుకుంటాం. ఇంటి ప్లానులో మాత్రం అది పనివాళ్ళని దారి మళ్ళించడం కోసం వేసిన గోడల్లోంచి పుట్టింది. వాళ్ళు దొరలకి కనిపించరు. వాళ్ళ ఏకాంతం గురించి ఆ ప్లానులో ఏమీ లేదు.

మన దగ్గర ఈ చర్చ ఒక మనిషి నిద్రదాకా వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని 1941లో దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు అతని పేర హిస్టరీ షీట్ తెరిచారు. అప్పట్నించి చౌకీదారూ కానిస్టేబుళ్ళూ అర్ధరాత్రి వచ్చి తలుపు బాదడం, కేకలేసి లేపడం, ఇంట్లోకి రావడం. మనిషి సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరు 18న తీర్పొచ్చింది. రాత్రిపూట ఇళ్ళలోకి వెళ్ళడం చెల్లదన్నారు గానీ, ఏకాంతం అనేది రాజ్యాంగం ఇచ్చిన హక్కేమీ కాదని మెజారిటీ అంది. ఒప్పుకోనివాళ్ళు ఇద్దరు, జస్టిస్ షా, జస్టిస్ కోకా సుబ్బారావు. మన రాజమండ్రి మనిషే, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. తలుపు కొట్టినా కొట్టకపోయినా, ఎవరో గమనిస్తున్నారని తెలిశాక మనిషి స్వేచ్ఛగా మెలగలేడనీ, ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేననీ, కాబట్టి ఆ నిఘా నియమం మొత్తమే పోవాలనీ ఆయన రాశారు. 55 ఏళ్ళ తర్వాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఆయన వైపుకి వచ్చారు. జస్టిస్ నారిమన్ అయితే దాన్ని మూడు గొప్ప అసమ్మతి తీర్పుల్లో ఒకటిగా లెక్కగట్టారు. సుబ్బారావు గారి పేరు మన కుర్రాళ్ళెంతమందికి తెలుసో నాకు అనుమానమే. నాకూ ఈ కెమెరా కొన్నాకే తెలిసింది.

ఆ కేసులన్నీ రాజ్యానికీ మనిషికీ మధ్య. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళ మధ్యకి అది ఈమధ్యే వచ్చింది. కలకత్తాలో ఉమ్మడి ఇంట్లో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు ఇంటి లోపల కెమెరాలు పెట్టించారు. రెండో ఆయన ఒప్పుకోలేదు. కలిసి ఉంటున్నవాళ్ళ సమ్మతి లేకుండా నివాసభాగంలో కెమెరాలు పెట్టడం ఏకాంతానికి భంగమేనని పుట్టస్వామి తీర్పు ఆధారంగా కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోనంది. హాల్లో కెమెరా పెడదామని వాట్సాప్ గ్రూపులో వాదించే రూమ్మేట్లు చదవాల్సిన తీర్పు. నాది నా గదిలో, నా తలుపు మీదికి కాబట్టి ఇది నాకు వర్తించదని అప్పుడు అనుకున్నాను.

నాలుగోరోజు మధ్యాహ్నం రెండుంబావుకి ఫోను మోగింది. కదలిక. మీటింగులో ఉన్నా, బల్ల కింద తెరిచి చూశాను. మా ఇంట్లో వంటా, ఊడ్చటమూ చేసే అక్క. చీపురు గోడకి ఆనించింది, ఫ్యాను వేసింది, కుర్చీ పక్కకి జరిపి కింద కూచుంది. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. కాసేపటికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు. ఆ కెమెరాకి చెవులు కూడా ఉన్నాయి. కూతురి గురించి ఏదో. నేను ఎంతసేపు చూశానో చెప్పాలి: నిమిషంపైన. ఆపేయడానికి ఒక్క వేలు చాలు, అయినా నిమిషంపైన చూశాను. రికార్డు మాత్రం పదకొండు నిమిషాలుంది.

2013లో చట్టంలోకొచ్చి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షనుగా ఉన్న నేరం ఒకటుంది. ఆడవాళ్ళని ఏకాంతంలో ఉండగా చూడటం, చిత్రించటం. ఏవి ఏకాంత క్రియలో అందులో రాశారు. అక్కడ దేహం ఉంది, మరుగుదొడ్డి ఉంది, శృంగారం ఉంది. ఏడవటం ఆ జాబితాలో లేదు. అంటే నేను నేరం చెయ్యలేదు.

వీడియో చెరిపేశాను, క్లౌడులోంచి కూడా. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు పొద్దున్నే, "అక్కా, నా గదిలో కెమెరా పెట్టాను, నిన్నటిదాకా ఉంది, తీసేశా" అన్నాను. పోపు గరిటె ఆగింది. నా వైపు తిరగలేదు.

"నేను చేసే మిగతా మూడిళ్ళల్లోనూ ఉన్నాయి సార్" అంది. "ఇక్కడ లేదనుకున్నా."

ఆదివారం వడ్రంగిని పిలిపించి తలుపుకి బయట తాళంకప్ప పట్టే గడియ వేయించాను. సామానూ కూలీ కలిపి నాలుగువందలైంది. కెమెరా ఇంకా సొరుగులోనే ఉంది, అమ్మితే వెయ్యి కూడా రాదట. ఊడ్చటానికి నేనున్న రోజునే గది తీస్తున్నాను. అక్క ఇప్పుడు మధ్యాహ్నం ఫోనొస్తే లిఫ్టు పక్కన మెట్లమీదికి వెళ్ళి మాట్లాడుకుంటోంది. అక్కడ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళ కెమెరా ఉంది.