స్వాహిలిలో ఓపెన్ సోర్స్

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను స్వాహిలిలోకి తెచ్చే ప్రయత్నాల్లో మొదట చెప్పుకోవలసింది ‘కిలినక్స్’. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయం, స్వీడన్‌కు చెందిన ఐటీ+46 అనే సంస్థ కలిసి నడిపిన ప్రాజెక్టు అది. 2004 చివర ‘జాంబో ఓపెన్ ఆఫీస్’ పేరుతో ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాం, లెక్కల పట్టికలు వగైరా ఉన్న ఆఫీస్ మూట విడుదలైంది. మెనూలు, హెచ్చరికలు అన్నీ స్వాహిలిలోనే. జాంబో అంటే తూర్పు ఆఫ్రికా తీరంలో పర్యాటకులందరికీ మొదట వినపడే పలకరింపు.

ఈ పనికి దారి తెరిచింది లైసెన్సు. ఓపెన్ ఆఫీస్‌కు మూలమైన స్టార్ ఆఫీస్ కోడ్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 2000లో ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయటపెట్టింది. దాంతో ఏ దేశంవారైనా, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా దాన్ని తమ భాషలోకి మార్చుకునే వీలు కలిగింది. యాజమాన్య సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ నిర్ణయం కంపెనీది. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్‌కు, ఆఫీస్‌కు స్వాహిలి రూపం ఇస్తానని 2004 మధ్యలోనే ప్రకటించింది. అదే ఏడాది ఆఫ్రికన్ యూనియన్ సమావేశంలో మొజాంబిక్ అధ్యక్షుడు జోయాకిమ్ చిసానో స్వాహిలిలో ప్రసంగించారు. భాషకు అది మంచి కాలం.

అయితే స్వాహిలికి కొత్త మాటలు కూర్చుకోవడం కంప్యూటర్లతో మొదలైన అలవాటు కాదు. తూర్పు ఆఫ్రికా తీరపు వర్తకంలో పెరిగిన ఈ భాషకు ఎన్నో మాండలికాలున్నాయి. బ్రిటిష్ పాలకులు 1928లో మొంబాసాలో సమావేశమై జాంజిబార్ మాండలికాన్ని ప్రమాణంగా ఎంచుకున్నారు. 1930లో కెన్యా, ఉగాండా, టాంగన్యికా, జాంజిబార్‌లకు కలిపి ఒక భాషా సంఘం ఏర్పడింది. పాఠ్యపుస్తకాల్లో ఏ రూపం వాడాలో, ఏ వర్ణక్రమం సరైనదో ఆ సంఘమే తేల్చేది. స్వాతంత్ర్యం వచ్చాక అది దార్ ఎస్ సలామ్‌లో స్వాహిలి పరిశోధన సంస్థగా మారింది. అప్పటి టాంగన్యికా (తర్వాతి టాంజానియా) అధ్యక్షుడు జూలియస్ న్యెరెరె స్వయంగా షేక్‌స్పియర్ నాటకం ‘జూలియస్ సీజర్’ను అనువదించి 1963లో ప్రచురించారు. జాతీయ స్వాహిలి మండలి ‘బకిటా’ 1967లో పుట్టింది. ఇంత పూర్వరంగం ఉండబట్టే కిలినక్స్ బృందం పదకోశం పని శూన్యం నుంచి మొదలుపెట్టనక్కరలేకపోయింది.

లిపి గొడవ కూడా లేదు. ఒకప్పుడు అరబిక్ లిపిలో రాసిన స్వాహిలిని వలస పాలన కాలం నుంచి రోమన్‌లో రాస్తున్నారు. ఫాంట్లు, కీబోర్డు, అక్షరాల కూర్పు దగ్గరే ఏళ్లు గడిపిన తెలుగు సాఫ్ట్‌వేర్ కార్యకర్తలకు ఇది అసూయ కలిగించే వెసులుబాటే.

తిప్పలు వ్యాకరణం దగ్గర వచ్చాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గ్నూ వ్యాప్తిలోకి తెచ్చిన గెట్‌టెక్స్ట్ పద్ధతిలో, తెరపై కనిపించే ప్రతి మాటనూ ప్రోగ్రాం నుంచి విడదీసి ఒక ఫైల్లో పెడతారు. పైన ఇంగ్లీషు వాక్యం, కింద ఖాళీ. అనువాదకుడు ఆ ఖాళీ నింపాలి. అసలు తెర అతని ఎదుట ఉండదు. ఒక వస్తువు తొలగిపోయిందని చెప్పే వాక్యంలో వస్తువు పేరు రావలసిన చోట ఒక గుర్తు మాత్రమే ఉంటుంది. తెలుగులో లింగాన్ని బట్టి క్రియ మారినట్టే, స్వాహిలిలో నామవాచకపు తరగతిని బట్టి మారుతుంది. అలాంటి తరగతులు పదికి పైనే. తొలగినది ఫైలైతే ‘ఇమెఫుత్వా’, మాటైతే ‘లిమెఫుత్వా’, వాడుకరైతే ‘అమెఫుత్వా’. ‘కొత్త’ అనే ఒక్క బటన్‌కు కూడా ఇదే చిక్కు: ఫైలుకు ‘మ్ప్యా’, పుస్తకానికి ‘కిప్యా’, పదానికి ‘జిప్యా’. ఇంగ్లీషు ప్రోగ్రామర్ ఒకే మాటను పది చోట్ల వాడేస్తే, కింద ఖాళీ నింపేవాడు ఊహించి రాయక తప్పదు.

మాటల ఎంపికలో మాత్రం భాష చరిత్రంతా కనిపిస్తుంది. భద్రపరచడానికి ‘హిఫాధి’, సవరించడానికి ‘హరిరి’ అరబిక్ నుంచి వచ్చినవి. తెరవడానికి ‘ఫుంగువా’ అచ్చ బంటు, అంటే స్వాహిలి సొంత భాషా కుటుంబపు, మాట. ముద్రించడానికి వాడే ‘చాపిషా’ మూలం హిందీ, గుజరాతీల ఛాపాలో ఉంది. హిందూ మహాసముద్రపు వర్తకులు మోసుకెళ్లిన సరుకు అది. మౌస్‌ను ‘కిపాన్యా’, అంటే చిట్టెలుక, అన్నారు. పేచీ అసలు కంప్యూటర్ మాట దగ్గరే వచ్చింది. కెన్యాలో చాలామంది రాసే ‘తరకిలిషి’ టాంజానియాలో అంతగా చెల్లలేదు. అక్కడ ‘కొంప్యూతా’యే వాడుక.

గడియారంతో ఇంకో చిక్కు. స్వాహిలి లెక్కలో పగటి గంటలను పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తారు. ఉదయం ఏడు గంటలను ‘సా మోజా’, అంటే ఒంటి గంట, అంటారు. తెర మూలన ఏడు కనబడుతుంటే నోట ఒకటి వస్తుంది. సాఫ్ట్‌వేర్ తెర మీది అంకెనే ఉంచింది. మాట్లాడేటప్పుడు మార్చుకునే పని మనిషికి వదిలింది.

సాఫ్ట్‌వేర్ తయారైనా దాన్ని తెరిచేవారి సంఖ్య ఆశించినట్టు పెరగడానికి చదువుల తీరు అడ్డొచ్చింది. టాంజానియాలో ప్రాథమిక విద్య స్వాహిలిలోనే సాగినా, ఉన్నత పాఠశాల నుంచి బోధన ఇంగ్లీషులో. కంప్యూటర్ దొరికేదీ ఎక్కువగా ఆ మెట్టు దాటాకే. అప్పటికి చదువుకునేవారికి ఇంగ్లీషే అలవాటైపోతుంది. ఇంగ్లీషు రానివారికి స్వాహిలి మెనూ ఉపకరిస్తుంది గానీ, వారి చేతికి కంప్యూటర్ అంత తేలిగ్గా రాలేదు. అనువాదకుల శ్రమకన్నా ఈ మెలికే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించిందనాలి.

నిర్వహణ మరో భారం. జాంబో ఓపెన్ ఆఫీస్‌కు ఆధారమైన 1.1 వరుస తర్వాత 2005 అక్టోబరులోనే 2.0 వచ్చింది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ కొత్త వాక్యాలు చేరతాయి, పాతవి మారతాయి. అనువదించనివి ఇంగ్లీషులోనే మిగులుతాయి. విరాళపు సొమ్ముతో నడిచే ప్రాజెక్టులకు గడువుంటుంది, వెర్షన్లకు ఉండదు. ఉబుంటు అనే లినక్స్ రూపం కోసం వచ్చిన లాంచ్‌ప్యాడ్ వంటి వేదికల్లో ఎవరైనా వాక్యం వాక్యంగా అనువాదం చేర్చే వీలు కలగడంతో, పని సంస్థల చేతి నుంచి స్వచ్ఛంద కార్యకర్తలకు చేరింది. చేతులు పెరిగాయి, పదాల ఏకరూపత తగ్గింది.

ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడిపోయిన లిబ్రెఆఫీస్‌లో స్వాహిలి ‘టాంజానియా స్వాహిలి’గా కొనసాగుతోంది. ఇటీవలి ప్రయత్నాలు మెనూల నుంచి మాటకు మళ్లాయి. మొజిల్లా సంస్థ ‘కామన్ వాయిస్’ ప్రాజెక్టులో స్వాహిలి మాట్లాడేవారు వాక్యాలు చదివి రికార్డు చేస్తున్నారు. కంప్యూటర్ ఆ గొంతులను గుర్తుపట్టగలిగేలా చేయడం దాని ఉద్దేశం.