ఎర్రబారిన జుట్టు: పోషకాహార చరిత్రలో ఒక సాక్ష్యం

తెలుగు కథల్లో పేదపిల్లల వర్ణన వచ్చినచోట ‘తైలసంస్కారం లేని జుట్టు’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. తలకు నూనె లేకపోవడం పేదరికానికి గుర్తుగా ఆ మాటలో స్థిరపడింది. అయితే ఎర్రబారి, పలచబడి, పట్టుకుంటే ఊడివచ్చే జుట్టుకు కారణం చాలాసార్లు కంచంలోనే ఉంటుందని వైద్యశాస్త్రం గ్రహించిన క్రమాన్ని ఈ వ్యాసం స్థూలంగా పరిశీలిస్తుంది.

జమైకాలో జన్మించిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్ నేటి ఘనా అయిన గోల్డ్‌కోస్ట్‌లో పనిచేస్తూ, తల్లిపాలు మాని మొక్కజొన్న ఆహారం మీదే పెరుగుతున్న పిల్లల్లో ఒంటికి నీరుపట్టే వ్యాధిని 1933లో వర్ణించారు. 1935లో దానికి స్థానిక గా భాషలోని ‘క్వాషియోర్కర్’ అనే పేరునే వాడారు. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆమె చెప్పిన అర్థం. పాలకు దూరమైన బిడ్డ దుస్థితిని ఆ తల్లులు ముందే గుర్తించారనడానికి ఈ పేరే ఆధారం. అయినా స్టానస్ వంటి నిపుణులు ఇది పెల్లాగ్రాయేనన్నారు. విటమిన్లు ఒకదాని వెంట ఒకటి బయటపడుతున్న కాలమది. ప్రతి రోగానికీ ఒక విటమిన్ లోపాన్ని వెతకడంలో వింత లేదు. మాంసకృత్తుల కొరతను కాదనలేమని మాత్రం విలియమ్స్ మొదటి వ్యాసంలోనే సూచించారు.

ఈ వ్యాధి లక్షణాలలో జుట్టుది ప్రత్యేక స్థానం. వెంట్రుకలో అధికభాగం కెరటిన్ అనే మాంసకృత్తి. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తిండి కరువైన నెలల్లో పెరిగిన భాగం వెలిసిపోయి, దొరికిన నెలల్లో పెరిగినది నల్లగా ఉండి, ఒకే వెంట్రుకపై చారలు ఏర్పడతాయి. వైద్యులు దీనిని ‘జెండా గుర్తు’ అన్నారు. ఏ దస్తావేజులోనూ నమోదుకాని ఆకలి కాలాన్ని ఆ చారల వెడల్పును బట్టి అంచనా వేయవచ్చు.

కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ సి. గోపాలన్, ఒకే తరహా ఆహారం తినే పిల్లల్లో కొందరికి క్వాషియోర్కర్, మరికొందరికి మరాస్మస్ రావడాన్ని ఎత్తిచూపి, మాంసకృత్తుల కొరత ఒక్కటే కారణమన్న అభిప్రాయాన్ని ప్రశ్నించారు. అసలు తిండే చాలడం లేదన్నది ఆయన వాదన సారాంశం. నా దృష్టిలో ఈ చరిత్రలో అత్యంత కీలకమైన మలుపు ఇదే.

ఇక బయోటిన్‌ది వేరే పాయ. పచ్చి గుడ్డుసొన తిన్న ఎలుకలకు చర్మం చెడి జుట్టు రాలడాన్ని మార్గరెట్ బోయాస్ 1927లో ప్రకటించారు. తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ను బంధించి ఒంటికి అందనీయదని తరువాత తేలింది. లోపం ఉన్నవారికి బయోటిన్ మేలు చేస్తుంది. లోపం లేనివారిలోనూ జుట్టు పెంచుతుందనడానికి గట్టి ఆధారాలు లేకున్నా, మాత్రల అమ్మకం ఆగలేదు. విటమిన్ ‘ఎ’ మితిమీరితే ఉన్న జుట్టూ రాలుతుంది.

క్వాషియోర్కర్ నుంచి కోలుకున్న బిడ్డకు కుదుళ్ల దగ్గర నల్లజుట్టు తిరిగి మొదలవుతుంది. ఎర్రటి కొసలు మాత్రం కత్తిరించేదాకా అలాగే ఉంటాయి.