ఒక పాటల బృందం చిట్టా

కళాకారుల జీవితచరిత్రలకు లోకంలో కరువు లేదు. కరువల్లా వాళ్ళ పనిచరిత్రకే. ఒక కవి ఏ వూళ్ళో పుట్టాడు, ఎవరిని ప్రేమించాడు, ఎప్పుడు జైలుకు పోయాడు అనే సంగతులు పుటలకు పుటలు రాస్తాం. ఆయన ఫలానా కావ్యానికి ఎన్ని నెలలు పట్టింది, మొదటి ప్రతిలో ఏముండేది, దాన్ని అచ్చువేసినవాడు ఆయన చేతిలో ఎంత పెట్టాడు అని అడిగితే మాత్రం నోరు మెదపం. పనిని వదిలేసిన చోట 'ప్రతిభ' అనే మాట వచ్చి కూర్చుంటుంది. అది కూర్చున్నాక చరిత్రకారుడికి ఇక చెయ్యడానికేమీ వుండదు.

ఒక్క విషయంలోనైనా ఈ లోటు తీర్చిన పుస్తకం ఇంగ్లండులో 1992లో వెలువడింది. పేరు 'ది కంప్లీట్ బీటిల్స్ క్రానికల్'. రాసింది మార్క్ లూయిసన్. లివర్‌పూల్ కుర్రవాళ్ళు జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఒక చర్చి తిరనాళ్ళలో కలుసుకున్న 1957 నుంచి బృందం విడిపోయిన 1970 దాకా వాళ్ళు పాడిన ప్రతి కచేరీ, చేసిన ప్రతి రికార్డింగు, రేడియోలో, టెలివిజన్‌లో కనిపించిన ప్రతి సందర్భమూ తేదీవారీగా అందులో వుంటాయి. రాక్ సంగీతపు పుస్తకంతో సాహిత్య పత్రికకేం పని అని కొందరు అడగవచ్చు. సంగీతం మాట అటుంచుదాం. ఒక సృజన చరిత్రను కాగితం ఆధారంతో ఎంతదూరం రాయగలం, ఎక్కడ ఆగిపోతాం అన్నది మన ప్రశ్న కూడా. దానికి ఇంత వివరంగా జవాబు దొరికే చోటు మరొకటి నా ఎరుకలో లేదు.

లూయిసన్‌కు ముందు ఈ బృందం మీద పుస్తకాలు లేక కాదు. హంటర్ డేవిస్ 1968లోనే వాళ్ళ ఆమోదంతో జీవితచరిత్ర రాశాడు. ఫిలిప్ నార్మన్ 1981లో మరొకటి రాశాడు. ఇద్దరూ కథ చెప్పగలవాళ్ళే. కాని వాళ్ళకు ఆధారం ప్రధానంగా మనుషుల జ్ఞాపకం. పదిసార్లు చెప్పిన కథ పదకొండోసారికి నున్నబడుతుంది. చెప్పేవాడికే అది నిజమని తోస్తుంది. లూయిసన్ వేరే దారి పట్టాడు. పాత పత్రికల్లో డాన్సుహాళ్ళ ప్రకటనలు ఏరాడు. రేడియో దస్త్రాలు తిరగేశాడు. రికార్డు కంపెనీ ఇ.ఎం.ఐ. అనుమతితో 1987లో లండన్ ఎబీ రోడ్డు స్టూడియోలో మూల టేపులు విన్నాడు. టేపు పెట్టెల మీది రాతలూ స్టూడియో పత్రాలూ చూశాడు. ఆనాటి ఇంజనీర్లను వెదికి పట్టుకొని మాట్లాడాడు. ఆ పని మొదట 1988లో రికార్డింగుల పుస్తకంగా వచ్చింది. కచేరీల మీద 1986లో రాసిన పుస్తకాన్ని, దీన్ని, మరికొంత సామగ్రిని కలిపి పోసినదే 1992 నాటి క్రానికల్.

దాని విలువ తెలియాలంటే ఒక్క రోజు చూస్తే చాలు. 1963 ఫిబ్రవరి 11, సోమవారం. బృందం తొలి పెద్ద రికార్డుకు పద్నాలుగు పాటలు కావాలి. నాలుగు అంతకుముందే చిన్న రికార్డులుగా వచ్చినవి వున్నాయి. మిగిలిన పది ఆ ఒక్క రోజులో పూర్తిచేశారు. ఉదయం 10 నుంచి 1 దాకా, మధ్యాహ్నం 2.30 నుంచి 6 దాకా, రాత్రి 7.30 నుంచి 10.45 దాకా. మొత్తం 585 నిమిషాలు. ఇంకొక పాట కూడా ప్రయత్నించి పక్కన పెట్టారు. లెనన్‌కు జలుబు, గొంతు బొంగురుపోయింది. అందుకని గొంతు చించుకొని పాడవలసిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను చివరికి వుంచారు. ఇవాళ వినేవాళ్ళు మెచ్చుకునే ఆ గొంతు జీర అప్పటికి దాదాపు పన్నెండు గంటలుగా స్టూడియోలో వున్న మనిషి గొంతు.

వాద్యకారుల సంఘం ఒప్పందం ప్రకారం ఒక్కొక్కరికి విడతకు 7 పౌన్లు 10 షిల్లింగులు. మూడు విడతలకు 22 పౌన్లు 10 షిల్లింగులు. రికార్డులు అమ్ముడుపోతే కంపెనీ ఇచ్చే రాయల్టీ చిన్న రికార్డుకు అందరికీ కలిపి ఒక పెన్నీ. మరునాడు, 12వ తేదీన, విశ్రాంతి అనుకుంటారేమో! ఆ రాత్రి రెండు వూళ్ళలో రెండు కచేరీలు, షెఫీల్డులో ఒకటి, ఓల్డమ్‌లో ఒకటి. ఈ రెండు రోజులను లూయిసన్ ఒకదాని కింద ఒకటిగా రాసుకుపోయాడు. వ్యాఖ్యానం చెయ్యడు, విస్తుపోడు. ఆ రికార్డు మార్చి 22న విడుదలైంది. 'మెరుపులాంటి ప్రతిభ' అని విమర్శకులు రాసిన దాని కింద ఇంత చాకిరీ వుంది. ఇది తెలిశాక ఆ పాటలు తక్కువైపోతాయా అంటే, నా మట్టుకు నాకు ఎక్కువయ్యాయి.

అంతకుముందు హాంబుర్గ్ వుంది. 1960 ఆగస్టు 17న అయిదుగురు లివర్‌పూల్ కుర్రవాళ్ళు ఆ జర్మన్ రేవుపట్నంలో ఇంద్ర అనే క్లబ్బులో పాడడం మొదలుపెట్టారు. అక్కడ 48 రాత్రులు, అదే యజమాని మరో క్లబ్బు కైజర్‌కెల్లర్‌లో 58 రాత్రులు. మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, వారాంతంలో ఆరు గంటలు పాడాలి. మనిషికి రోజుకు 30 మార్కులు. బస ఒక సినిమాహాలు తెర వెనక. జార్జ్ హారిసన్‌కు పద్దెనిమిదేళ్ళు నిండలేదని పోలీసులు నవంబరులో దేశం నుంచి పంపేశారు. ఈ రేవుపట్నం రాత్రులు ఆ తర్వాత పెద్ద పురాణమయ్యాయి. ఏ పనిలోనైనా 10,000 గంటల సాధన చేస్తే ఆరితేరుతారనే సూత్రానికి హాంబుర్గ్‌ను ముఖ్య ఉదాహరణగా 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ తన పుస్తకంలో వాడుకున్నాడు. తేదీలు ఎదురుగా వున్నాయి గనుక లెక్క మనమే వేసుకోవచ్చు. 1960 నుంచి 1962 దాకా అయిదు విడతల్లోనూ కలిపి రమారమి 270 రాత్రులు. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున ఉదారంగా వేసినా 2,200 గంటలకు చేరదు. సాధన వాళ్ళను మార్చిందనడంలో అబద్ధం లేదు. సూత్రం మాత్రం లెక్కకు నిలవదు.

ఇలాగే మరొక కథ. 1961 అక్టోబరు 28న ఒక కుర్రవాడు తన రికార్డుల దుకాణానికి వచ్చి బీటిల్స్ రికార్డు అడిగేదాకా ఆ పేరే తాను వినలేదని వాళ్ళ మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ ఏడు జులైలో లివర్‌పూల్‌లో 'మెర్సీ బీట్' అనే పత్రిక మొదలైంది. ఆ పత్రిక నిండా బీటిల్స్ వార్తలే. దాన్ని ఎప్‌స్టైన్ తన దుకాణంలో అమ్మేవాడు. ఆగస్టు నుంచి అందులో రికార్డుల మీద సమీక్షలు కూడా రాసేవాడు. తాను రాసే పత్రిక తాను చదవలేదంటే నమ్మడమెలా? ఇంకా తమాషా ఏమిటంటే, ఆ కుర్రవాడు అసలు లేడని, పేరు తానే కల్పించానని దుకాణం ఉద్యోగి ఒకాయన తర్వాత చెప్పాడు. ఆ కుర్రవాడు నిజంగానే వున్నాడని పరిశోధకులు తేల్చారు. అంటే పురాణమూ పూర్తిగా నిజం కాదు, దాని ఖండనా నిజం కాదు.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక ఆగవలసిన చోటు.

మన షావుకార్ల కొట్లలో రెండు రకాల పుస్తకాలుండేవి. చిట్టాలో రోజువారీ జమాఖర్చులు వచ్చిన వరసలో రాసేవాళ్ళు. ఆవర్జాలో వాటిని ఖాతాలవారీగా ఎత్తిరాసేవాళ్ళు. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది తేలేది ఆవర్జాలోనే. లూయిసన్ క్రానికల్ చిట్టా. అంత నిక్కమైన చిట్టా అరుదు, ఒప్పుకుందాం. కాని బాకీలు అందులో వాటంతటవే తేలవు.

ఫిబ్రవరి 11న పాడిన ఆ పది పాటల్లో సొంతవి నాలుగే. మిగిలిన ఆరింటిలో అయిదు వాళ్ళు అమెరికా నల్లజాతి గాయకుల రికార్డులు విని నేర్చుకున్నవి. ఆర్థర్ అలెగ్జాండర్, కుకీస్, షిరెల్స్, ఐస్లీ సోదరులు ఆ గాయకులు. చిట్టాలో ఇది పాట పేరు పక్కన ఒక చిన్న వివరం. ఆవర్జా రాసేవాడికి ఇది ఒక అధ్యాయం. 1964 సెప్టెంబరు 11న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో నల్లవాళ్ళను వేరుగా కూర్చోబెడితే పాడబోమని బృందం ముందే ప్రకటించింది, వేరుచెయ్యని ప్రేక్షకుల ముందే పాడింది. మరుసటి ఏడు కచేరీ ఒప్పందంలో ఈ షరతును రాతపూర్వకంగా పెట్టించారని 2011లో ఆ కాగితం వేలానికి వచ్చినప్పుడు బయటపడింది. పై రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన బాధ్యత పాఠకుడిది.

దీనికంటె లోతైన చిక్కు ఇంకొకటుంది. చిట్టాలో వుండేది కాగితం ఎక్కినవాళ్ళ పేర్లే. కాగితం ఎవరిది? కంపెనీది.

1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్' రికార్డులో హారిసన్ పాట ఒకటి ప్రధానంగా హిందూస్తానీ వాద్యాల మీద నడుస్తుంది. మార్చి 15న లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ నుంచి వచ్చిన భారతీయ వాద్యకారులు దిల్‌రుబా, తంబురా, తబలా వాయించారు. ఏప్రిల్ 3న ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు చేర్చారు. ఈ పదకొండుమంది పాశ్చాత్య వాద్యకారుల పేర్లూ లూయిసన్ పుస్తకాల్లో వరసగా దొరుకుతాయి. భారతీయుల పేర్లు అలా దొరకవు. నేరం లూయిసన్‌ది కాదు. దొరికిన ప్రతి పేరూ రాసే మనిషి ఆయన. అన్నా జోషి, అమృత్ గజ్జర్, బుద్ధదేవ్ కన్సారా, నట్వర్ సోనీ అనే ఈ నలుగురి పేర్లూ పూర్తిగా లోకానికి తెలిసింది యాభై ఏళ్ళ తర్వాత, 2017లో. అదే రికార్డు అట్ట మీద బొమ్మల గుంపులో మన యోగులు నలుగురున్నారు. గాంధీ బొమ్మ కూడా వుండవలసిందే. భారతదేశంలో అమ్మకం దెబ్బతింటుందని ఇ.ఎం.ఐ. అధిపతి భయపడితే తీసేశారు. గురువులకు అట్ట మీద చోటు, గాంధీకి అంగడి భయం, వాయించినవాళ్ళకు పేరే లేదు!

ఎప్పుడూ ఇలాగే జరిగిందనడం న్యాయం కాదు. 1966 నాటి 'రివాల్వర్' రికార్డు అట్ట మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు వేశారు. 1968 జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్.ఎం.వి. స్టూడియోకు వచ్చి ఒక సినిమాకు సంగీతం రికార్డు చేసినప్పుడు ఆశిష్ ఖాన్, హరిప్రసాద్ చౌరాసియా, శివకుమార్ శర్మ వంటివాళ్ళు వాయించారు. ఆ సినిమా సంగీతం రికార్డు మీద భారతీయ వాద్యకారుల పేర్లున్నాయి. 12వ తేదీన ఆ స్టూడియోలోనే 'ది ఇన్నర్ లైట్' అనే బీటిల్స్ పాటకు వాద్యభాగం పూర్తయింది. ఎబీ రోడ్డుకు అప్పటి యజమాని అయిన ఇ.ఎం.ఐ. కిందిదే అప్పట్లో ఈ హెచ్.ఎం.వి. మన పౌరాణిక నాటక పద్యాలను అచ్చొత్తి ఇంటింటికీ చేర్చినదీ ఈ హెచ్.ఎం.వి.యే. ఆ పద్యాలకు హార్మోనియం వాయించినవాళ్ళ పేర్లు చెప్పమంటే ఎంతమందిమి చెప్పగలం?

పాటల మీది హక్కుల కథ కూడా ఇక్కడ చేర్చదగినదే. లెనన్, మెకార్ట్నీల పాటల కోసం 1963లో నార్తర్న్ సాంగ్స్ అనే సంస్థ పెట్టారు. 1965లో దాని షేర్లు బజారులో అమ్మారు. 1969లో అది ఎ.టి.వి. కంపెనీ చేతికి పోయింది. 1985లో ఆ హక్కులను గాయకుడు మైకేల్ జాక్సన్ 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నాడు. 22 పౌన్ల 10 షిల్లింగుల రోజు నుంచి ఈ అంకె దాకా వున్న దూరం చిట్టాలో ఏ ఒక్క తేదీ కిందా కనిపించదు.

లూయిసన్‌కు ఇది తెలియదని కాదు. చిట్టా ముగించిన మనిషి ఆవర్జాకు కూర్చున్నాడు. మూడు సంపుటాలుగా తలపెట్టిన సమగ్ర చరిత్రలో మొదటిది 'ట్యూన్ ఇన్' 2013లో వచ్చింది. అందులో తేదీలతోపాటు తాతముత్తాతలు, ఐర్లండు నుంచి వలసలు, రేవు పనులు, యుద్ధంలో బాంబులు పడ్డ వీధులు, ఒక్కో రికార్డూ సముద్రం దాటి ఆ వూరికి చేరిన దారులు వున్నాయి. విస్తరించిన ప్రతి 1,700 పేజీలు దాటింది. అది 1962 డిసెంబరు 31తో ఆగిపోతుంది. ఫిబ్రవరి 11కు ఇంకా ఆరు వారాలుంది.