బేగా బేగం తోట

ఢిల్లీలోని హుమాయూన్ సమాధి గురించి రాసేవారు చాలామంది తాజ్‌మహల్ పేరుతోనే మొదలుపెడతారు. దానికి ఇది పూర్వరూపమని రెండు మాటలు చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ పోలిక తప్పు కాదు కానీ, ఈ కట్టడానికి అన్యాయం చేస్తుంది. దీన్ని చూడబోయేవారు ముందుగా గుల్‌బదన్ బేగం రాసిన హుమాయూన్ నామా చదివి వెళితే మంచిదని నా అభిప్రాయం.

గుల్‌బదన్ బాబరు కూతురు, హుమాయూన్‌కు సవతి చెల్లెలు. మేనల్లుడు అక్బరు కోరిక మీద పెద్ద వయసులో తన జ్ఞాపకాలను పారసీకంలో రాసింది. యుద్ధాల కన్నా అంతఃపురపు అలకలే ఆమెకు బాగా గుర్తున్నాయి. ఒకనాడు హుమాయూన్ తమ వైపు రావడం లేదని బేగా బేగం నిలదీసింది. ఆయన రాణులను, అక్కచెల్లెళ్ళను పిలిపించి, తాను నల్లమందు తినేవాడిననీ, రావడం ఆలస్యమైతే కోపగించుకోమని రాసివ్వమనీ అడిగాడు. బేగా బేగం కొంత వాదించి, చివరికి రాసిచ్చింది. చక్రవర్తి భార్యల చేత హామీపత్రం రాయించుకున్న ఈ ముచ్చట ఏ దర్బారు చరిత్రకారుడి కలం నుంచీ వచ్చేది కాదు.

1539లో చౌసా దగ్గర షేర్‌ఖాన్ (తరువాతి షేర్‌షా) చేతిలో మొగలు సేన చెల్లాచెదరైనప్పుడు బేగా బేగం శత్రువులకు చిక్కింది. షేర్‌ఖాన్ ఆమెను గౌరవంగానే తిప్పి పంపాడు. ఆమె చిన్నారి కూతురు అకీకా మాత్రం ఆ గందరగోళంలో తప్పిపోయింది, మళ్ళీ దొరకలేదు. గుల్‌బదన్ ఈ సంగతిని పెద్దగా విలపించకుండానే చెబుతుంది. చదివేవారికి అదే మరింత భారమవుతుంది.

హుమాయూన్ మరణం గురించి వైద్యుడిగా నాకు మరో ఆసక్తి. పదిహేనేళ్ళ ప్రవాసం తరువాత 1555లో ఢిల్లీని తిరిగి గెలుచుకున్న మనిషి, ఏడాది తిరగకుండానే, 1556 జనవరిలో, పురానా ఖిల్లాలోని షేర్‌మండల్ మెట్ల మీద నుంచి జారిపడ్డాడు. కొద్దిరోజులకే ప్రాణం పోయింది. అప్పుడు ఢిల్లీలో ఉన్న తురుష్క నౌకాధిపతి సీదీ అలీ రయీస్ తన యాత్రాగ్రంథంలో ఆ సంగతులు రాశాడు. అక్బరుకు అప్పటికి పదమూడేళ్ళు, పైగా దూరాన పంజాబులో ఉన్నాడు. అందుకని మరణవార్తను దాచిపెట్టి, పోలికలున్న మరో మనిషిని రాజువేషంలో జనానికి చూపించారు. ఆ మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. చూస్తే కారణం వేరే వెతకనక్కరలేదు.

సమాధి నిర్మాణం 1560లలో మొదలై 1570ల తొలినాళ్ళకు ముగిసింది. శిల్పి మీరక్ మీర్జా గియాస్ హెరాత్ నుంచి వచ్చినవాడు. ఆయన మరణించాక కొడుకు పూర్తిచేశాడు. కట్టించింది బేగా బేగమనే పరంపరగా చెబుతారు. అప్పుడామె మక్కాయాత్రలో కూడా ఉంది కనుక, అక్బరు ఖజానా, ఆజ్ఞ లేకుండా ఇంత పని జరగదని వాదించేవారూ ఉన్నారు. ఖజానా ఎవరిదైనా, ఈ స్థలాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషిగా లోకం ఆమెనే గుర్తుంచుకుంది.

తోట చార్‌బాగ్ పద్ధతిలో వేసినది. నాలుగు భాగాలు, వాటిలో మళ్ళీ చదరాలు, మధ్య సన్నని నీటికాలువలు. అప్పట్లో యమున తూర్పుగోడను ఒరుసుకుని పారేది. ఇప్పుడు దూరం జరిగింది. సామ్రాజ్యం క్షీణించాక ఇక్కడ కూరగాయలు పండించారు. 1947లో కాందిశీకులు గుడారాలు వేసుకున్నారు. ఆగాఖాన్ ట్రస్టు, పురావస్తుశాఖ కలిసి చేసిన పునరుద్ధరణతో 2003 నాటికి కాలువల్లో నీళ్ళు మళ్ళీ పారాయి. తరువాత సమాధి కప్పు మీద పేరుకున్న పది లక్షల కిలోల కాంక్రీటును తొలగించారు. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల బరువది! గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల్లో ఇదే ట్రస్టు పని చూసినవారికి ఆ ఓపిక తెలుసు.

1857 సెప్టెంబరులో చివరి మొగలు బహదూర్‌షా జఫర్ తలదాచుకున్నదీ ఇక్కడే. హాడ్సన్ వచ్చి ఆ వృద్ధుణ్ణి పట్టుకున్నాడు. మర్నాడు ఇద్దరు కొడుకులనూ ఒక మనుమణ్ణీ ఇక్కడి నుంచే తీసుకుపోయి దారిలో కాల్చిచంపాడు. ఆ రెండు రోజుల కథ తెలుసుకోవాలంటే డాల్‌రింపుల్ రాసిన ‘ద లాస్ట్ మొగల్’ చదవాలి.

ఈ కట్టడంలో, దాని వేదిక మీద, నూటికి పైగా సమాధులున్నాయి. ఔరంగజేబు చంపించిన దారా షికో కూడా ఇక్కడే ఉన్నాడంటారు. చాలా రాళ్ళ మీద పేర్లు లేవు. బేగా బేగం సమాధి గుమ్మటం పక్కనున్న గదుల్లోనే ఉందని చెబుతారు. నేను ఆ గదుల్లో తిరిగాను. అన్నీ ఒకేలాంటి తెల్లరాళ్ళు.